షేబ రాణి బిడ్డలు, ఆదోని హబ్షీ

ఇక్కడ ఇథియోపియాలోని గోందార్ ఊళ్ళో బొమ్మల అంగళ్ళలో ఒక పటం తప్పకుండా ఉంటుంది. గుడ్డ మీద గళ్ళు గీసి, గడికో బొమ్మ చొప్పున కథంతా వేస్తారు. పెద్ద పెద్ద కళ్ళ రాణి ప్రయాణం కడుతుంది, రాజు విందు పెడతాడు, చివరికి ఆమె కొడుకు రాజవుతాడు. మన ఇళ్ళల్లో రామపట్టాభిషేకం పటం ఎట్లో, వీళ్ళకు ఇది అట్లా.

ఆ రాణి షేబ దేశపు రాణి. ఆమె యెరూషలేము రాజు సొలొమోనును చూడబోయిన సంగతి చర్చికి పోయేవాళ్ళకు తెలిసిందే. బైబిల్లో ఆమె తిరిగి వెళ్ళిపోవడంతో సరి. 14వ శతాబ్దంలో గీజ్ భాషలో కూర్చిన ‘కెబ్ర నెగస్ట్’లో కథ ఇంకా ఉంది. రాణి పేరు మకేడా, దేశం ఇథియోపియా. "నా ఇంట్లో ఏదీ ముట్టనని ఒట్టెయ్యి, నేనూ నీ జోలికి రాను" అన్నాడట సొలొమోను. ఒట్టు వేయించుకుని ఘాటైన వంటలు వడ్డించాడు. నడిరేయి గొంతెండి రాణి నీళ్ళు తాగింది. ఒట్టు తప్పింది. అట్లా పుట్టినవాడు మెనెలిక్. ఎండాకాలం బిందెల వరుసలో నిలబడి పెరిగిన ఆదోనివాణ్ణి, నీళ్ళ మీద ఒట్టు పెట్టించిన ఆ రాజును నేను క్షమించలేను.

1270లో గద్దెనెక్కిన యెకునో అమ్లాక్ మొదలు 1974లో దింపేసిన హైలే సెలాసీ దాకా ఇథియోపియా రాజులందరూ ఆ బిడ్డ సంతతేనని చెప్పుకున్నారు. 1955 రాజ్యాంగంలో ఆ మాట రెండో అధికరణంలోనే అచ్చేశారు. యెరూషలేము రక్తమంటే అంత గొప్ప. పొరుగు రక్తం దగ్గరికి వచ్చేసరికి మనసు ఇరుకైపోయింది. ఇదే గోందార్ కోటలో రాజు రెండో ఇయాసు పొరుగు తెగ అయిన ఒరోమో పిల్లను చేసుకున్నాడు. వాళ్ళ కొడుకు ఇయోయాస్ 1755లో పసితనంలోనే రాజయ్యాడు. తల్లివైపువాళ్ళు కొలువులో నిండారని నాయనమ్మ మెంటెవాబ్ మనుషులు మండిపడ్డారు. 1769లో ఇయోయాస్ హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత 1855 దాకా రాజులు పేరుకే.

ఆ కోట గోడల పక్కన నడిచినప్పుడల్లా నాకు మన ఆదోని కొండమీది కోట గుర్తొస్తుంది. ఎమ్మిగనూరు నుంచి బస్సులో వస్తుంటే మొదట ఆ కొండలే కనిపించేవి, ఇల్లు చేరినట్టే అనిపించేది. బీజాపూరు సుల్తానుల కాలంలో ఆ కోటను ఏలిన సిద్ది మసూద్ ఖాన్ హబ్షీ. అంటే మూలం ఈ దేశమే. కర్నూలును ఏలిన సిద్ది జౌహర్‌కు అల్లుడు. 1678లో బీజాపూరులో పెత్తనమంతా అతనిదే. ఇక్కడినుంచి బానిసగా అమ్ముడుపోయిన మాలిక్ అంబర్ అయితే అహ్మద్‌నగర్ సుల్తానుకే పిల్లనిచ్చాడు. ఒరోమో తల్లి కొడుకును బతకనివ్వని ఈ దేశపు పిల్లలు, మన దక్కనుకొచ్చి కోటలేలారు, సుల్తానుకే మామలయ్యారు! మసూద్ ఖాన్ మన జామియా మసీదు కట్టించాడు. ఔరంగజేబు సైన్యం ఫిరంగులను మసీదు వైపు తిప్పితే, అది కూలడం చూడలేక కోట అప్పగించాడని పెద్దలు చెప్తారు.

ఈ కథ ఇక్కడ నేను చదువు చెప్పే విద్యార్థులకు చెబితే మసీదు ఫోటో కావాలని వెంటపడ్డారు. ఆదోనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా మంచి వెలుతురులో తీసి పంపండి. పిల్లల్ని వెంట తీసుకెళ్తే, కట్టించినాయన ఏ దేశపు మనిషో పటంలో ఇథియోపియా మీద వేలు పెట్టి చూపించండి.