గ్రాండ్ మార్చ్: నడవడం వస్తే చాలు

లైబీరియాలో పెళ్లి విందుకు వెళ్తే భోజనాలయ్యాక కూడా ఎవరూ కదలరు. గ్రాండ్ మార్చ్ ఉందిగా! రాజధాని మన్రోవియాలో ఒక హోల్‌సేల్ దుకాణం లెక్కలు చూసే రోజుల్లో నన్నూ ఆ వరసలో నిలబెట్టారు. ‘‘నాకు డ్యాన్స్ రాదమ్మా’’ అన్నాను. ‘‘నడవడం వచ్చుగా?’’ అంది నాకు జోడీగా వచ్చిన పెద్దావిడ. ఇక నోరెత్తలేదు.

ముందు వధూవరులు, వెనక జంటలు జంటలుగా చుట్టాలు. పాట లయకు ఊగుతూ హాలు మధ్యలోంచి సాగుతారు. చివరికి చేరాక ఒక జంట ఎడమకు, తర్వాతి జంట కుడికి మళ్లుతుంది. చుట్టు తిరిగొచ్చి నలుగురేసి, తర్వాత ఎనిమిదిమందేసి వరసలు కడతారు.

దీని మూలం ఆఫ్రికా కాదు. పోలండ్‌లో పుట్టిన పోలోనేజ్ యూరప్ దర్బారుల్లో నాట్యసభలకు నాంది అయింది. 19వ శతాబ్దపు అమెరికాలో బాల్ డ్యాన్సులు ఈ తరహా ఊరేగింపుతోనే మొదలయ్యేవి. 1816లో ఏర్పడిన అమెరికన్ కాలనైజేషన్ సొసైటీ, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవారినీ, స్వేచ్ఛగా పుట్టిన నల్లవారినీ ఆఫ్రికాకు పంపింది. 1822లో మెసురాడో అగ్రం దగ్గర కాలుమోపినవాళ్లూ, వారి వెనక వచ్చినవాళ్లూ చర్చినీ, పొడవు కోట్లనూ, క్వాడ్రిల్ అనే నాట్యాన్నీ, ఈ మార్చ్‌నూ వెంట తెచ్చుకున్నారు. 1847లో లైబీరియా రిపబ్లిక్‌ను ప్రకటించుకున్నారు.

అమెరికాలో గడప బయట నిలబడ్డవాళ్లే ఇక్కడ తామే గడపలు కట్టారు. స్థానిక జాతులకు 1904 దాకా పౌరసత్వమే లేదు. ఎవరు ‘నాగరికులో’ చెప్పే గుర్తుల్లో నాట్యమూ ఒకటైంది. 1944 నుంచి 1971 దాకా అధ్యక్షుడిగా ఉన్న టబ్‌మన్‌కు క్వాడ్రిల్ అంటే మహా ఇష్టం. అయితే స్థానికులకు ఓటుహక్కు తెచ్చిందీ ఆయనే. 1980 ఏప్రిల్ 12న శామ్యూల్ డో సైనిక తిరుగుబాటుతో వలసదారుల వంశాల ఏలుబడి కూలింది.

ఏలుబడి పోయినా మార్చ్ మాత్రం మిగిలింది. కారణం ఆ పెద్దావిడ మాటలోనే ఉందనుకుంటాను. క్వాడ్రిల్‌కు వరసలు నేర్వాలి, కేకేసి చెప్పేవాడు కావాలి. మార్చ్‌కు కాళ్లుంటే చాలు. పైగా క్పెల్లే, వాయి, బాస్సా జాతుల పల్లెల్లో సామూహిక నాట్యం ముందే ఉంది. డప్పులున్నాయి, సొరబుర్రకు పూసల వల అల్లిన ‘సాసా’ ఉంది. దొరల నడకను తీసుకుని, అందులో నడుమును కదిపారు. లాప్పా గుడ్డ చుట్టుకున్న అమ్మమ్మలూ వరసలో కలిశారు.

1989లో మొదలైన అంతర్యుద్ధాలు 2003 దాకా జనాన్ని చెల్లాచెదురు చేశాయి. మిన్నెసోటాలో, స్టేటెన్ ఐలాండ్‌లో స్థిరపడ్డ లైబీరియన్లు పెళ్లి హాళ్లలో ఇప్పటికీ ఈ మార్చ్ చేస్తారు. అమెరికా నుంచి వెళ్లిన నడక అమెరికాకే తిరిగొచ్చింది. కాకపోతే ఇప్పుడది అక్కడ లైబీరియా ఆచారం.