సి.ఎం.ఎఫ్. చికిత్స

సి.ఎం.ఎఫ్. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ఒక కీమోథెరపీ పద్ధతి. సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ అనే మూడు మందుల ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలే దాని పేరు. వ్యాధి ముదిరి ఇతర అవయవాలకు పాకిన రోగులపై 1970ల తొలినాళ్లలో అమెరికాలో దీన్ని పరీక్షించారు.

నేపథ్యం

అంతకుముందు ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు ప్రధాన ఆధారం అండాశయాల తొలగింపు, హార్మోన్ మందులు. మెథోట్రెక్సేట్‌తో రొమ్ము క్యాన్సర్ గడ్డలు తగ్గుతాయని న్యూయార్క్ వైద్యురాలు జేన్ రైట్ 1951లో చూపారు. ఈ మందు పుట్టిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథి, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అయితే ఏ మందునైనా ఒంటరిగా వాడితే గుణం కొందరిలోనే కనిపించేది, అదీ ఎక్కువ కాలం నిలిచేది కాదు.

తొలి ప్రయోగాలు

న్యూయార్క్‌లో ఎజ్రా గ్రీన్‌స్పాన్ 1963లో మెథోట్రెక్సేట్, థయోటెపా కలిపి వాడిన ఫలితాలు ప్రకటించారు. 1969లో రిచర్డ్ కూపర్ సి.ఎం.ఎఫ్. మందులకు విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసోన్ చేర్చి, హార్మోన్ చికిత్సకు లొంగని 60 మంది రోగుల్లో దాదాపు 90 శాతం మందికి గుణమిచ్చిందని తెలిపారు. తర్వాతి పరీక్షల్లో అంత ఎక్కువ శాతం రాలేదు. అందువల్ల ఒక బృందంలో వచ్చిన ఫలితాన్నే నమ్మకుండా, రోగులను రెండు వర్గాలుగా విభజించి పోల్చి చూడటం అవసరమైంది. జార్జ్ కనెల్లోస్, సహచరులు 1976లో ప్రచురించిన అలాంటి పరీక్షలో మెల్ఫలాన్ అనే మందు ఒక్కటే తీసుకున్నవారిలో సుమారు 20 శాతం మందికి, సి.ఎం.ఎఫ్. తీసుకున్నవారిలో 53 శాతం మందికి గడ్డలు కుదించుకుపోయాయి.

పనిచేసే తీరు

సైక్లోఫాస్ఫమైడ్ కణంలోని డి.ఎన్.ఎ.ను నేరుగా దెబ్బతీస్తుంది. మిగతా రెండూ కొత్త డి.ఎన్.ఎ. తయారీకి వేర్వేరు దశల్లో అడ్డుపడతాయి. దాడి పలు వైపుల నుంచి సాగడంతో ఒక మందుకు లొంగని కణం మరోదానికి చిక్కే అవకాశముంటుంది. తొలి పద్ధతిలో సైక్లోఫాస్ఫమైడ్ మాత్రలు 14 రోజులు, మిగతా మందుల ఇంజెక్షన్లు 1, 8వ రోజుల్లో ఇచ్చేవారు. తర్వాత రెండు వారాల విరామంలో ఎముక మజ్జ కోలుకునేది. తెల్ల రక్తకణాలు తగ్గడం, వాంతులు, నోటిపూత, జుట్టు రాలడం ప్రధాన దుష్ప్రభావాలు.

ప్రభావం

మిలాన్‌లో జియాన్నీ బోనడోన్నా 1973లో ఈ మందులనే ఆపరేషన్ అయినవారికి, వ్యాధి తిరగబెట్టకుండా ఇవ్వడం ప్రారంభించారు. 386 మంది మహిళలతో ఆయన జరిపిన పరీక్ష ఫలితాలు 1976లో వెలువడ్డాయి. చంకలోని లింఫు గ్రంథులకు క్యాన్సర్ సోకినవారిలో అది తిరిగి రావడం తగ్గింది. తర్వాత డాక్సోరుబిసిన్ కలిసిన మిశ్రమాలు, టాక్సేన్లు అనే మందులు వచ్చాక సి.ఎం.ఎఫ్. వాడకం తగ్గింది. గుండె బలహీనత వల్ల డాక్సోరుబిసిన్ ఇవ్వలేని కొందరికి మాత్రం దీన్ని ఇంకా పరిగణిస్తారు.