గుండె కణం: విప్పితే గానీ రెండు కాదు

నడుస్తున్న ప్రొడక్షన్ సర్వర్‌ని ఆపకుండా ప్యాచ్ వెయ్యమంటే మనకి చెమటలు పడతాయి కదా, గుండె కండరపు కణానిదీ అదే తంటా. దాని లోపలంతా సార్కోమియర్లనే తీగల కట్టలు. కొట్టుకోవాలంటే అవి ఉండాలి, రెండుగా చీలాలంటే అవే అడ్డం. అందుకే కాబోలు, పుట్టాక గుండె కణం ఇక విభజన చెందదని పాఠ్యపుస్తకాలు చాలాకాలం తేల్చేశాయి. గుండెపోటులో వంద కోట్ల దాకా కణాలు పోతే అక్కడ మిగిలేది మచ్చే. అంతే సంగతులు.

నిజానికి లెనిన్‌గ్రాడ్‌లో రుమ్యాంత్సెవ్ 1970ల నాటికే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద, విభజన మధ్యలో తీగలు విడిపోయిన గుండె కణాల్ని చూపించాడు. 2004లో జూరిక్ పరిశోధకులు లేత కణాల్లో ఆ విప్పుడుకి ఒక వరస ఉందని తేల్చారు. ముందు జడ్-డిస్కులూ, వాటికి తగులుకున్న సన్నటి యాక్టిన్ తీగలూ ఊడతాయి. ఆ తర్వాతే మందపాటి మయోసిన్ తీగలు. కణం రెండయ్యాక మళ్ళీ బిగింపు. చక్కగా రాసిన షట్‌డౌన్ స్క్రిప్టు అన్నమాట!

ఈలోగా 2001లో అమెరికాలో ఆన్వెర్సా బృందం ఎముక మజ్జ కణాలతో గుండె కండరం మొలిపించామంది. ఇంకేం, అందరూ అటే పరిగెత్తారు. 2018లో హార్వర్డ్ ఆయన ల్యాబు పేపర్లు 31 వెనక్కి తీసుకోమంది. (ఎన్నేళ్ళు, ఎంత డబ్బు!)

అసలు దారి చూపించింది మన గంగ ఒడ్డు చేప, జీబ్రా ఫిష్. జఠరికలో 20 శాతం కోసేసినా రెండు నెలల్లో పెంచేసుకుంటుందని 2002లో తెలిసింది. మూలకణాలతో కాదు, ఉన్న కండర కణాలే తీగలు విప్పుకుని విభజన చెందుతాయని 2010లో రుజువైంది. 2011లో డాలస్‌లో చూస్తే ఒకరోజు ఎలుకపిల్లకీ ఆ విద్య ఉంది. ఏడో రోజుకి పోతుంది.

మరి మనకో? అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా 2009లో స్వీడన్‌వాళ్ళు లెక్కగట్టారు: పాతికేళ్ళ వయసులో ఏడాదికి 1 శాతం కణాలు కొత్తవి, 75కి 0.45 శాతం. సున్నా కాదు, అలాగని చాలదు.

పెంచుదామని 2019లో, గుండెపోటు తెప్పించిన పందులకి ఒక మైక్రో ఆర్ఎన్ఏ ఎక్కించారు. నెలరోజుల్లో మచ్చ తగ్గింది, గుండె బలం పుంజుకుంది. కానీ ఆపే స్విచ్ పెట్టలేదు. పూర్తిగా కండరంగా మారని కణాలు గుండెలో పెరుగుతూ పోయి, లయ తప్పి, చాలా పందులు హఠాత్తుగా చచ్చిపోయాయి.

విప్పడం దాకా వచ్చాం. సమయానికి మళ్ళీ బిగించడం ఇంకా చేతికి రాలేదు.