మామయ్యగారి అంబాసిడర్‌కి బ్లాకు దొరికిన కథ

ముందుగా నా తప్పు ఒప్పేసుకుంటాను. మామయ్యగారి అంబాసిడర్ ఇంజిన్ పగలడానికి కారణం నేనే.

పోయిన మే నెలలో తెనాలి నుంచి మంగళగిరి పానకాల స్వామి దర్శనానికి బయలుదేరాం. సగం దారిలో టెంపరేచర్ ముల్లు పైకి వెళ్ళిపోయింది. బండి పక్కకు ఆపి మా వారు ఎవరికో ఫోన్ చేస్తున్నారు. నేను సాయం చేస్తున్నాననుకుని, ఆవిరి తగ్గాక గుడ్డ పెట్టి రేడియేటర్ మూత తిప్పి, ఐసు డబ్బాలోని నీళ్ళన్నీ పోసేశాను. కాలిన గాజు గ్లాసులో చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో ఇన్నేళ్ళుగా వంటింట్లో ఉన్న నాకు తెలియదా? ఆ ఎండలో తట్టలేదు.

"బ్లాకు క్రాక్ ఇచ్చిందమ్మా" అన్నాడు మా మెకానిక్ బాబాయ్.

బ్లాకు అంటే ఇంజిన్‌కి పునాది లాంటి ఇనుప దిమ్మ. పిస్టన్లు ఆడేది దాని గొట్టాల్లోనే, చుట్టూ నీళ్ళు తిరిగేదీ దానిలోనే. పోత ఇనుము కనుక అతుకు పెట్టడం కష్టం, పెట్టినా మళ్ళీ విడిపోవచ్చు. మా వారు "తుక్కుకి ఇచ్చేద్దాం" అన్నారు. అత్తయ్య మాత్రం, "నిన్ను ఈ ఇంటికి తెచ్చింది ఆ బండే కదే" అని ఊరుకున్నారు. ఆ ఒక్క మాట నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

కొత్త బ్లాకు ఎక్కడా రాదు. అంబాసిడర్ల తయారీ 2014 మేలోనే ఆగిపోయింది. మరి పాతది దొరుకుతుందా? బాబాయ్ నవ్వి, "వేరే కారైతే కష్టమేనమ్మా, దీనికైతే దొరుకుతుంది" అన్నాడు. ఎందుకలా అని చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

హిందుస్తాన్ మోటార్స్ 1942లో మొదలైంది. తొలి ఫ్యాక్టరీ గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర. స్వాతంత్ర్యం వచ్చాక కలకత్తా దగ్గరి ఉత్తరపారాకు మారింది. 1953లో టారిఫ్ కమిషన్, ఇక్కడే తయారు చేసే ఉద్దేశం ఉన్న కంపెనీలకే చోటు అని సిఫారసు చేసింది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముతున్న ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్ళిపోయాయి. చివరికి కార్లలో మనకు మిగిలినవి ముఖ్యంగా మూడు ఇళ్ళు: ఉత్తరపారాలో హిందుస్తాన్, బొంబాయిలో ఫియట్ చేసే ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్.

బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అనే కారుండేది. అదే ఇక్కడ అంబాసిడర్ అయింది. 1959లో దానికి 1489 సీసీ ఇంజిన్ పెట్టారు. బ్రిటన్‌లో బి-సిరీస్ అని పిలిచే కుటుంబం అది. ఎమ్‌జీఏ అనే స్పోర్ట్స్ కారు 1955లో వచ్చినప్పుడు దానికీ ఇదే కొలత ఇంజిన్. అక్కడ వాళ్ళు మోడళ్ళు మార్చుకుంటూ పోయారు. మనవాళ్ళు మార్క్ టూ, మార్క్ త్రీ, మార్క్ ఫోర్ అని ముందు జాలీ, లైట్లు మార్చారు కానీ, లోపలి పెట్రోలు ఇంజిన్ మాత్రం మూడు దశాబ్దాలు దాటినా అదే. 1990లలో ఇసుజు ఇంజిన్ వచ్చేదాకా అంతే.

కాలేజీ రోజుల్లో మేమంతా ఈ కారుని వెక్కిరించేవాళ్ళం. పోటీ లేదు, మార్పు లేదు, బుక్ చేసుకుని ఏళ్ళు ఎదురు చూడాలి అని. ఆ మాట నిజమే. కానీ ఆ మారకపోవడమే ఇప్పుడు మా పాలిట వరమైంది. 1965 బండి బ్లాకు మా 1984 బండిలో కూర్చుంటుందట!

ఇంకో సంగతి. డీజిల్ చవకగా ఉన్న రోజుల్లో చాలామంది పెట్రోలు ఇంజిన్ తీయించి డీజిల్‌ది వేయించుకున్నారు. అలా దింపేసిన ఇంజిన్లు షెడ్లలో మూలన పడి ఉన్నాయి. మనింట్లో గ్రైండర్ వచ్చాక రుబ్బురోలు పెరట్లోకి వెళ్ళినట్టు.

బేరం మాత్రం తేలిగ్గా అవలేదు. మా ఊళ్ళో ఒకాయన మా అవసరం కనిపెట్టి 35,000 చెప్పాడు. అప్పుడు బాబాయ్ మమ్మల్ని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను, డబ్బు నాదే కనుక. వంటింటి అరల కోసం కట్టుకున్న చీటీ, 50,000.

మూడు షాపులు తిరిగాం. మొదటి చోట చూపించింది డీజిల్ బ్లాకు. అదీ 1489 సీసీయే, కానీ మాకు పనికిరాదు. రెండో చోట బ్లాకు ఉంది, అడుగున క్రాంకుని పట్టి ఉంచే మూడు క్యాపులు లేవు. "వేరే దాని క్యాపులు వేసుకోండి" అన్నాడు షాపతను. కుదరదట. ఆ క్యాపులు ఆ బ్లాకుతో కలిపే బోరు కొడతారు. ఒక డబ్బా మూత ఇంకో డబ్బాకి పట్టనట్టే! మూడో చోట అన్నీ ఉన్నది దొరికింది. 11,000 కి ఇచ్చాడు, లేత్ షాపులో నీటి ఒత్తిడి పరీక్షలో కారితే వెనక్కి తీసుకునే షరతు మీద. కారలేదు.

గొట్టాలు ఇంతకు ముందు ఒకసారే బోరు చేసి ఉన్నాయి. ఇంకొంచెం పెద్దవి చేసి, ఆ కొలత పిస్టన్లు వేశారు. గ్యాస్కెట్లు, బేరింగులు, కూలీ అంతా కలిపి 38,000 అయింది. బ్లాకు మారితే ఇంజిన్ నంబరూ మారుతుంది. అది ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. అందుకే కొన్న చోట రసీదు అడిగి తీసుకున్నాను. మీరెవరైనా కొంటే ఇది మరవకండి.

ఇంజిన్ మొదటిసారి అందుకున్న రోజు అత్తయ్య వసారాలోంచి లేచి వచ్చారు. చప్పుడు కాసేపు విని, "మీ మామయ్య ఆఫీసు నుంచి వస్తుంటే వీధి మలుపులోనే తెలిసేది" అన్నారు. తర్వాత ముందు సీట్లో కూర్చుని, ఎక్కడికీ వెళ్ళకుండానే పావుగంట ఉండిపోయారు.

నా వంటింటి అరలు వచ్చే ఏడాదికి వాయిదా పడ్డాయి. డిక్కీలో ఇప్పుడు రెండు డబ్బాల మామూలు నీళ్ళు ఉంటున్నాయి. ఐసు డబ్బా మాత్రం ఆ కారెక్కదు. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోవద్దని మా అమ్మాయికి కూడా చెప్పాను. నేను తెలుసుకోవడానికి 38,000 అయింది, దానికి ఊరికే వచ్చింది.