వేఫర్ పాలిషింగ్, క్లీనింగ్ యంత్రాల మార్కెట్: పోటీ చరిత్ర

సిలికాన్ వేఫర్ మీద పొర మీద పొర వేసుకుంటూ చిప్ కడతారు. కింది పొర ఎగుడుదిగుడుగా ఉంటే పై పొర నమూనా స్పష్టంగా పడదు. ఆ పొరను రసాయనంతోనూ రాపిడితోనూ ఏకకాలంలో చదును చేసే పద్ధతి సీఎంపీ. వేఫర్‌ను బోర్లా పట్టి, తిరిగే ప్యాడ్‌కు అదిమి, మధ్యలో స్లర్రీ అనే రేణువుల ద్రవం పోస్తారు. ఈ యంత్రాల ప్రపంచ మార్కెట్‌లో సింహభాగం అమెరికా కంపెనీ అప్లైడ్ మెటీరియల్స్, జపాన్ కంపెనీ ఎబారాలదే. నిజానికి ఈ రంగంలోకి మొదట దిగింది ఈ రెండూ కావు.

పద్ధతి పుట్టింది 1980ల తొలినాళ్లలో, న్యూయార్క్ రాష్ట్రం ఈస్ట్ ఫిష్‌కిల్‌లోని ఐబీఎం కేంద్రంలో. చిప్ తయారీదారులలో చాలామందికి అది మింగుడుపడలేదు. దుమ్ము కణాన్ని కూడా రానివ్వని క్లీన్‌రూమ్‌లోకి బురదలాంటి ద్రవాన్ని కోరి ఎవరు తెచ్చుకుంటారు? తొలి యంత్రాలు కాలిఫోర్నియాకు చెందిన స్ట్రాస్‌బా, అరిజోనాకు చెందిన వెస్టెక్ వంటి చిన్న సంస్థల నుంచి వచ్చాయి. స్ట్రాస్‌బా మూలాలు కటకాలకు మెరుగుపెట్టే యంత్రాల్లో ఉన్నాయి.

చదును చేయడం ఈ చిన్న సంస్థలకు బాగానే తెలుసు. చిక్కంతా ఆ తరువాతే. స్లర్రీ ఆరిపోతే రేణువులు వేఫర్‌ను అంటిపెట్టుకుంటాయి, తేలిగ్గా వదలవు. అందుకని పాలిష్ అయిన వేఫర్లను తడి ఆరకుండా వేరే క్లీనింగ్ యంత్రానికి చేరవేసేవారు. రెండు వైపులా బ్రష్‌తో తోమే అలాంటి యంత్రాలకు ఆన్‌ట్రాక్ అనే సంస్థ పేరుపొందింది. 1997లో చిప్ యంత్రాల సంస్థ లామ్ రీసెర్చ్ దాన్ని కొనేసింది. 1912లో పంపుల తయారీతో మొదలైన ఎబారాకు నీటితో పని కొత్తేమీ కాదు. పొడి వేఫర్ లోపలికి వెళ్లి, పాలిష్ అయి, కడిగి ఆరిన తరువాతే బయటికి వచ్చే యంత్రాన్ని అది 1990ల్లోనే అమ్మింది. 1995లో మిర్రా అనే యంత్రంతో రంగంలోకి దిగిన అప్లైడ్ కూడా ఆ తరువాత క్లీనర్‌ను జోడించి మిర్రా మీసా తెచ్చింది. పోటీని తేల్చింది మెరుగు కన్నా కడుగుడే అనాలి.

1997లో ఐబీఎం చిప్‌లలో రాగి తీగలను ప్రకటించడంతో ఆట మారింది. రాగిని ప్లాస్మాతో చెక్కడం కష్టం. ముందు గాడులు తీసి, రాగితో నింపి, పైకి పొంగినదాన్ని పాలిష్‌తో తీసేయాలి. అలా సీఎంపీ తప్పనిసరి అయింది. పైగా రాగి త్వరగా తుప్పుపడుతుంది కనుక వెంటనే కడగడమూ తప్పనిసరే. పాలిష్, క్లీనింగ్ రెండూ చేసే యంత్రాలను రూపొందించే ఖర్చుకు చిన్న సంస్థలు తట్టుకోలేకపోయాయి. వెస్టెక్‌ను కొన్న ఐపెక్ 1999లో స్పీడ్‌ఫామ్‌తో కలిసిపోయింది. ఆ ఉమ్మడి సంస్థను 2002లో నొవెల్లస్ కొంది. నొవెల్లస్ 2012లో లామ్‌లో కలిసింది.

విడి క్లీనింగ్ యంత్రాల మార్కెట్ కథ వేరు. అక్కడ క్యోటోకు చెందిన స్క్రీన్, టోక్యో ఎలక్ట్రాన్, కొరియాకు చెందిన సెమెస్, 2008లో ఆస్ట్రియా మూలాలున్న సెజ్ సంస్థను కొన్న లామ్ పోటీపడుతున్నాయి. వేఫర్లను గుంపుగా తొట్టిలో ముంచే పద్ధతి నుంచి ఒక్కొక్కటిగా కడిగే పద్ధతికి మారడమే ఇక్కడి పెద్ద మలుపు.

కొత్త పోటీ చైనాది. సింగ్వా విశ్వవిద్యాలయ పరిశోధన ఆధారంగా 2013లో తియాన్‌జిన్‌లో మొదలైన హ్వాట్సింగ్ సీఎంపీ యంత్రాలు చేస్తోంది. క్లీనింగ్‌లో ఏసీఎం రీసెర్చ్ ఎదిగింది. దాని షాంఘై విభాగాన్ని 2024 డిసెంబరులో అమెరికా తన ఎగుమతి ఆంక్షల జాబితాలో చేర్చింది.