ధ్రువ నిరూపకాలలో సరళరేఖ: గణన బాధ్యత మారిన తీరు

1952లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ప్రదర్శించిన సంఖ్యా నియంత్రిత మిల్లింగ్ యంత్రానికి ఆదేశాలు రంధ్రాల టేపు ద్వారా అందేవి. టేపులోని సంఖ్యలను మొదట్లో మనుషులే లెక్కగట్టేవారు.

తరువాతి సి.ఎన్.సి. లేత్‌లలో ఈ గణన మరో రూపంలో ఎదురైంది. గుండ్రని కడ్డీ చివర షట్కోణం చెక్కాలంటే కడ్డీ కొద్దికొద్దిగా తిరగాలి, కట్టర్ ముందుకు వెనుకకు జరగాలి. కేంద్రం నుండి 10 మి.మీ. దూరంలోని భుజానికి మధ్యలో వ్యాసార్ధం 10 మి.మీ.; 30 డిగ్రీల వద్ద, అంటే మూలలో, 11.547 మి.మీ. 10ని కోణపు కొసైన్‌తో భాగిస్తే ఈ విలువ వస్తుంది. ఇలాంటి బిందువులెన్నో రాస్తేనే రేఖ తిన్నగా వచ్చేది.

ఫానుక్ నియంత్రికలలోని జి12.1 ఆదేశం ఆ గణనను యంత్రానికి అప్పగించింది. రేఖ చివరి బిందువు ఇస్తే చాలు. అయితే రేఖ కేంద్రానికి చేరువైనకొద్దీ కడ్డీ మరింత వేగంగా తిరగవలసి వస్తుంది. అక్కడ ఫీడ్ తగ్గించాలని గ్రహించడానికి ఆ పాత లెక్క నేటికీ తెలిసి ఉండాలి.