పొట్ట మీది వరి – గోదావరి నీరు

వరి పైరు అన్ని దినములలోను నీటిని ఒకే విధముగా కోరదు. పిలకలు వేయు కాలమున కొన్నాళ్లు తడి తగ్గినను, మరల నీరందినచో చాలవరకు తేరుకొనును. పొట్ట మీదికి వచ్చి ఈనుచున్న పైరు అట్లు కాదు. ఆ కొలది దినములలో నేల బీటవారినచో పుప్పొడి చెడి గింజ కట్టదు. వెన్ను నిటారుగా నిలిచియుండును. చేతబట్టి చూచినచో అంతయు తాలు. ఆ పిమ్మట ఎంత వాన కురిసినను ఆ వెన్నులోనికి పాలు రావు.

ఇది తెలిసి గోదావరి ఆనకట్ట చరిత్రను చదువుట మేలని మా తలంపు. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు మండలమున అయిదు లక్షల జనములో రెండు లక్షలమంది నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. గోదావరి సీమయు ఆ కరువు వాత పడెను. నదిలో నీరు లేక కాదు. ఎక్కడనో పశ్చిమ కనుమలలో కురిసిన వానకు నది పొంగినపుడు మాత్రమే నాటి కాలువలలోనికి నీరెక్కెడిది. వరద తీయగనే నీరు కాలువ అడుగుకంటె దిగువకు జారి, చేల ప్రక్కనుండియే సముద్రమునకు పోయెడిది.

1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ ఈ మండల దైన్యమును విచారించి నివేదిక సమర్పించెను. ఆర్థరు కాటను 1847లో ధవళేశ్వరమువద్ద పని మొదలిడి 1852 నాటికి ముగించెను. ఆయనకు కుడిభుజమైన వీణెం వీరన్నగారిని గూడ మనము మరువరాదు. ఆనకట్ట అనగనే పెద్ద చెరువును ఊహించుకొనువారు కలరు. కాటను కట్ట నీటిని నిలువచేయుటకు కట్టినది కాదు. నీటిమట్టమును కొంత ఎత్తి కాలువలకు మరల్చునది. వానలు వెనుదీయు ఆశ్వయుజమున, సార్వా వరి పొట్ట మీద నుండగా, తూములో నీరుండుటయే దాని ఘనకార్యము. 1876–78 నాటి ధాత కరువులో రాయలసీమ మాడిపోగా డెల్టాలో పంట నిలిచెను.

దాళ్వా కథ వేరు. పాత కట్ట స్థానమున 1970–82 నడుమ కాటను పేర బరాజు వెలసినను, ఆ పైరు పొట్టకు వచ్చు మార్చి నెలలో నదియే సన్నగిల్లును. సీలేరునుండి విడుచు నీటికై ఎదురుచూడవలెను. కాలువలకు వంతులు పెట్టుదురు. వంతు తప్పిననాడు తూము దగ్గరి రైతుకు అంతగా తెలియదు. శివారు రైతు మాత్రము ఆ రాత్రియే ఆయిలు ఇంజను మోసికొనిపోయి, మురుగు కాలువలో దించి, దొరికిన నీరు చేనికి తోడుకొనును.